నివురుగప్పిన నిప్పు

మన యిండ్లలో నిప్పునకు చోటు పొయ్యి. అచ్చట నున్నంత కాలము అది అన్నము వండును, నీళ్ళు కాచును, చలి పోగొట్టును. ఆ నిప్పే ఒక రవ్వయై యెగిరి తాటాకు చూరు నంటుకొన్నచో గడియలో ఇల్లు బూడిద యగును. రెండు చోట్లను నిప్పు గుణ మొక్కటే. మారినది అది యున్న తావు, అది మండిన కాలము. మనుష్య శరీరమునందును ఇట్టి నిప్పొకటి కలదు. అది వేళకు రగిలి వేళకు ఆరినచో మన ప్రాణములు నిలుపును. ఆరవలసిన వేళ ఆరక లోలోపల రాజుకొనుచుండినచో ప్రాణములు తీయును. ఆ నిప్పును గుఱించి నాకు తెలిసినంత చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తుమ్మముల్లు కాలిలో గ్రుచ్చుకొననివారు మీలో నుండరు. ముల్లు తీయక వదలినచో మరునాటికి ఆ చోటు ఎఱ్ఱబడును, వాచును, వేడెక్కును, ముట్టినచో నొప్పిపెట్టును. ఈ నాలుగు లక్షణములను సుమారు 2000 సంవత్సరముల క్రిందటనే సెల్సస్ అను రోమను గ్రంథకర్త లాటిను భాషలో వరుసగా వ్రాసి యుంచెను. మన పెద్దలు అంతటి విషయమును ఒక్క మాటలో ఇమిడ్చి, అట్టి వాపును "సెగగడ్డ" యనిరి. గడ్డలో సెగ యున్నదని వారికి వారి చేతివ్రేళ్ళే చెప్పినవి. వైద్యులు దీనిని శోథ మందురు.

శోథము శరీరము తన శత్రువులతో చేయు యుద్ధము. ముల్లుతోపాటు చర్మములోనికి సూక్ష్మజీవులు దూరును. వెంటనే అచ్చటి కణములు కొన్ని రసాయనములను విడిచి, అపాయము వచ్చినదని చాటును. దగ్గర నున్న సన్నని రక్తనాళములు వెడల్పగును. అందుచే ఎఱుపు, వేడి. వాని గోడలు సడలి నీరు బయటికి ఊరును, అందుచే వాపు. రక్తములోని తెల్లకణములు ఆ గోడలను దాటి వచ్చి సూక్ష్మజీవులను పట్టి మ్రింగును. ఆ పోరులో చచ్చిన కణములే చీముగా కనబడును. పని ముగిసిన పిదప సేన మరలిపోవును, గాయము మానును. ఇంత యేర్పాటు లేనిచో చిన్న ముల్లుతోనే మనుష్యుడు మరణించెడివాడు.

ఈ నిప్పు గుండె దగ్గర గూడ రాజుకొనగలదని నాకు తెలిసినది మా మేనమామగారి మూలమున. ఆయన గోదావరి తీరమున ఒక చిన్న గ్రామములో వ్యవసాయము చేయువారు. ఎముకలకు తోలు తొడిగినట్లుండెడి మనిషి. నూనె వంటకములు ఆయనకు గిట్టవు. తెల్లవారుజామున లేచి పొలము గట్లమీద రెండు మైళ్ళు నడచుట నిత్యకృత్యము. ఒక్క అలవాటు మాత్రము ఉండెను. లంక పొగాకు చుట్ట లేనిదే ఆయనకు తెల్లవారెడిది కాదు. 2009వ సంవత్సరము వేసవిలో, ఆయనకు 57 యేండ్ల వయసున, ఒక ఉదయము రొమ్ముమీద రోలు పెట్టినట్లు బరువు కలిగినది. ఒడలెల్ల చెమటలు పట్టినవి. ఎడమచేయి లాగసాగినది. ఇంటివారు వాయువనుకొని వాము కషాయ మిచ్చిరి. ఎంతకును తగ్గకపోగా ఆటోలో పట్టణములోని ఆసుపత్రికి చేర్చుసరికి మూడు గంటలు గడచిపోయినవి. వైద్యులు మూసికొనిపోయిన ధమనిని తెఱచి ప్రాణము నిలిపిరి. కాని ఆ మూడు గంటలలో రక్త మందక గుండెకండలో కొంత భాగము చచ్చిపోయినది.

రెండవనాడు మా అత్తయ్యగారు వైద్యుని యెదుట నిలిచి, "బాబూ! ఈయన ఒంటిలో చారెడు కొవ్వు లేదు గదా! గుండె నాళములలోనికి కొవ్వెక్కడనుండి వచ్చినది?" అని అడిగిరి. ఆ వైద్యుడు చిన్నవాడు, ఓపిక గలవాడు. "అమ్మా! ఒంటిమీద కనబడు కొవ్వు వేరు, రక్తములో తిరుగు కొవ్వు వేరు. ఈయన రక్తములోని కొవ్వు కూడ మిక్కుటముగా లేదు. మా కొలతలో నడుమ నున్నది. అయినను ధమని గోడ లోపల చాలకాలముగా సెగ రాజుకొనుచున్నది. కొవ్వు కట్టె వంటిది. ఈయన చుట్ట ఆ కట్టెను రోజును ఊదు గొట్టము వంటిది," అని చెప్పెను. పిదప మామయ్యను నోరు తెఱువుమని, వాచియున్న చిగుళ్ళను చూపి, పండ్ల వైద్యుని గూడ చూడుమని చీటి వ్రాసి యిచ్చెను.

ఆ మాట నా మనసున నాటుకొన్నది. నేను వైద్యుడను గాను. బడిలో సామాన్యశాస్త్రము చెప్పువాడను. అయినను దాని వెంటబడి గ్రంథములు చదువగా, ఒకటిన్నర శతాబ్దము సాగిన వివాద మొకటి నా కన్నులకు గట్టినది.

ధమనులు చెడుట నేటి నాగరికత తెచ్చిన జబ్బని పలువురు తలంతురు. 2013లో కొందఱు శాస్త్రజ్ఞులు ప్రాచీన ఈజిప్టు, పెరూ, అమెరికా నైరుతి భాగము, ఉత్తరమున అల్యూషియను దీవులు, ఈ నాలుగు తావులకు చెందిన 137 మమ్మీలను సి.టి. యంత్రముతో పరీక్షించిరి. వానిలో మూడవ వంతునకు పైగా ఈ వ్యాధి గుర్తులు కనబడినవి. కావున ఇది మనుష్యజాతికి పాత చుట్టమే. దాని స్వభావమును విచారించుట మాత్రము 19వ శతాబ్దమున గట్టిగా మొదలైనది. వియన్నా నగరమున రోకిటాన్‌స్కీ అను పండితుడు, రక్తములోని పదార్థములు ధమని గోడమీద పేరుకొనుటయే దీనికి మూలమనెను. జర్మనీలో రుడాల్ఫ్ విర్కో అను వైద్యుడు, గోడలోనే శోథము పుట్టుచున్నదనియు, పేరుకొనుట దాని వెంట వచ్చుననియు వాదించెను. 1904లో మార్షాన్ అను జర్మను వైద్యుడు ఈ వ్యాధికి అథెరోస్క్లిరోసిస్ అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో మొదటి సగమునకు జావ యనియు, రెండవ సగమునకు గట్టిపడుట యనియు అర్థము. చెడిన ధమనిని కోసి చూచినచో పైన గట్టి పెచ్చు, లోన చిక్కని జావ వంటి ముద్ద కనబడును. పేరు చక్కగా కుదిరినది.

1913లో రష్యా దేశమున సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున అనిచ్‌కోవ్ అను యువశాస్త్రజ్ఞుడు పొద్దుతిరుగుడు నూనెలో కొలెస్టరాలును కరగించి కుందేళ్ళకు తినిపించెను. వాని ధమనులు మనుష్యుల ధమనులవలెనే చెడినవి. ఆ ముద్దలలో తెల్లకణములు గూడ నున్నవని ఆయన గమనించెను. కాని లోకము కొలెస్టరాలును పట్టుకొని, తెల్లకణములను మఱచినది. 1948లో అమెరికాలో ఫ్రామింగ్‌హాం అను ఊరిలో 5209 మందిని చేర్చుకొని, వారి ఆరోగ్యమును యేండ్ల తరబడి పరిశీలింపసాగిరి. అధిక కొలెస్టరాలు, రక్తపుపోటు, పొగత్రాగుట గుండెజబ్బునకు దారితీయునని ఆ పరిశీలన నిలబెట్టినది. అది గొప్ప మేలు. అయినను చాలమంది మనసులో ధమని యనగా ఒక కుళాయి గొట్టము. ఉప్పునీటి గొట్టములో గార కట్టినట్లు కొవ్వు కట్టి కడకు మూసికొనునని చిత్రము నిలిచిపోయినది. గొట్టము జీవము లేనిది. ధమని జీవము గలది. ఈ భేదమునందే రహస్య మంతయు నున్నది.

గుండె దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనును. శరీర మంతటికిని రక్తము పంచు ఆ గుండె, తన కండకు కావలసిన రక్తమును మాత్రము తనపై నల్లుకొన్న మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు గల ధమనులనుండియే పొందును. ధమని లోపలివైపున ఒక్క కణము మందము గల పలుచని పొర యుండును. పొగ, అధిక రక్తపుపోటు, చక్కెరవ్యాధి ఈ పొరను నొప్పించును. రక్తములో కొలెస్టరాలును మోయు ఎల్‌డిఎల్ రేణువులు ఆ పొరను దాటి గోడలో చిక్కుకొనును. చిక్కినవి పాతబడిన నూనెవలె అచ్చట చెడును. వానిని చూచి లోపొర ముల్లు గ్రుచ్చుకొన్నట్లే కేక వేయును. తన పైభాగమున జిగురు వంటి పదార్థములను నిలుపును. ప్రవాహములో పోవు తెల్లకణములు వానికి తగులుకొని, నిలిచి, గోడలోనికి దూరును.

అచ్చట అవి భక్షక కణములై చెడిన రేణువులను మ్రింగసాగును. సూక్ష్మజీవిని మ్రింగినచో అవి జీర్ణించుకొనగలవు, కొలెస్టరాలును జీర్ణించుకొనలేవు. మ్రింగి మ్రింగి ఉబ్బిపోవును. సూక్ష్మదర్శినిలో చూచినపుడు నురుగు నిండినట్లుండుటచే వానిని నురుగుకణము లందురు. కొంత కాలమునకు అవి చచ్చును. చచ్చుచు మఱల కేకలు వేయగా క్రొత్త కణములు వచ్చును. కాలిలోని ముల్లు తీసివేసినచో శోథము చల్లారును. ఇచ్చట ముల్లు దినదినమును క్రొత్తగా గ్రుచ్చుకొనుచునే యుండును. అందుచే నిప్పు ఆరదు; పెద్ద మంటయై పైకిని రాదు. నివురుగప్పి యుండును.

శరీర మూరకుండదు. ఆ ముద్దమీద నారవంటి పదార్థముతో ఒక మూత కట్టును. మూత దళసరిగా నున్నంతకాలము మనుష్యునకు ఏమియు తెలియదు. కాని లోపలి భక్షక కణములు విడుచు ఎంజైములు ఆ నారను కొఱుకుచుండును. ఒకనాడు మూత పగులును. లోపలి జావ రక్తమునకు తగులును. రక్తము దానిని గాయముగా నెంచి, తన ధర్మము ప్రకారము గడ్డకట్టును. కొన్ని నిముషములలో ధమని మూసికొనిపోవును. పెక్కు గుండెపోటులు ఇట్లే కలుగును. నిన్న పొలము గట్టుమీద నడచిన మనిషి నేడు కూలుటకు కారణ మిదియే. సగము గూడ ఇఱుకు గాని చోటనే పలుమార్లు ఈ పగులు కలుగుచుండుట చూడగా, గొట్టము, గార అను లెక్క ఇచ్చట చాలదని తెలియును. 1999లో అమెరికా శాస్త్రజ్ఞుడు రసెల్ రాస్ ఈ విషయములన్నిటిని కూర్చి, ఈ వ్యాధి శోథవ్యాధి యని ప్రకటించెను. విర్కో మాట అట్లు మఱల వెలుగులోనికి వచ్చినది.

మఱి లోపలి నిప్పును బయటినుండి కనిపెట్టుట యెట్లు? పొగను చూచి. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను ఇద్దఱు, న్యుమోనియా రోగుల రక్తములో ఒక క్రొత్త పదార్థమును కనుగొనిరి. దానికి సి-రియాక్టివ్ ప్రోటీను అని పేరు. శరీరములో ఎక్కడ శోథము పుట్టినను కాలేయము దీనిని తయారుచేసి రక్తములోనికి వదలును. 1997లో బోస్టను నగరపు వైద్యుడు పాల్ రిడ్కరు, ఆయన సహచరులు, ఆరోగ్యవంతులైనపుడు తీసి దాచిన రక్తమును పరీక్షించి, ఈ ప్రోటీను మిక్కిలి ఎక్కువగా నున్నవారికి తక్కువగా నున్నవారికంటె గుండెపోటు సుమారు మూడింతలుగా వచ్చినదని చూపిరి.

ఇచ్చట తెలివిగలవాడు ఒక ప్రశ్న వేయును. పొగ కనబడినంతమాత్రమున ఇల్లు తగులబడుటకు ఆ నిప్పే కారణమని చెప్పవచ్చునా? నిప్పు నార్పి, ఇల్లు నిలిచినదని చూపవలదా? అట్టి పరీక్ష 2017లో వెలువడినది. ఒకసారి గుండెపోటు వచ్చి, రక్తములో ఆ ప్రోటీను ఎక్కువగా నున్న 10,061 మందిని వైద్యులు చేర్చుకొనిరి. కొందఱికి కనాకినుమాబ్ అను సూదిమందు మూడు నెలల కొకసారి యిచ్చిరి. తక్కినవారికి మందు లేని సూది యిచ్చిరి. ఆ మందు కొలెస్టరాలును తగ్గింపదు; శోథమును రగిల్చు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అను ఒక్క దూతను మాత్రమే అడ్డగించును. 150 మిల్లీగ్రాముల మోతాదు పొందినవారిలో గుండెపోటు, పక్షవాతము మొదలగు అపాయములు నూటికి 15 వంతులు తగ్గినవి. కొలెస్టరాలు మారకయే అపాయము తగ్గుటచే, శోథము ఊరక వెంటనున్నది గాదనియు, నేరములో పాలు గలదనియు తేలినది.

కాని ఆ పరీక్షయే మఱియొక పాఠమును నేర్పినది. మందు పొందినవారిలో అంటురోగములచే మరణించినవారు ఎక్కువైరి. మొత్తము మరణములలో భేదము కనబడలేదు. చూరును కాపాడబోయి పొయ్యి నార్పినట్లయినది. పొయ్యి లేని ఇంట అన్న ముండదు గదా!

పిదప మఱియొక మందును పరీక్షించిరి. దాని చరిత్ర తెలుగువారికి ఆత్మీయమైనది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లె పరిశోధనశాలకు నాయకుడై, ఫోలిక్ ఆమ్లమును, దానికి విరోధులైన మందులను తన బృందముతో తయారుచేయించెను. 1948లో ఆయన హఠాత్తుగా మరణించెను. ఆ మందులలో నొకటియైన మెథోట్రెక్సేటు మొదట కాన్సరునకును, పిదప కొద్ది మోతాదులో కీళ్ళవాతమునకును లోకమంతట వాడబడినది. కీళ్ళ శోథమును చల్లార్చు మందు ధమని శోథమును చల్లార్పదా యని 4786 మందిపై పరీక్షింపగా, 2018లో ఫలితము వచ్చినది: ప్రయోజనము లేదు. ఆ గొప్పవాని మందు విఫలమైనదని చిన్నబుచ్చుకొన నక్కఱ లేదు. అన్ని శోథములు ఒక్కటి గావనియు, ఏ దారిని రగులు నిప్పునకు ఆ దారిని నీరు పోయవలెననియు తెలిసినది. శాస్త్రములో "కాదు" అను జవాబు గూడ ఫలమే.

ఇటీవల కొల్చిసిను అను పాత మందువైపు వైద్యులు చూచిరి. మన అడవులలో పెరుగు అడవినాభి గడ్డలోను, విత్తులలోను ఇది కలదు. ఆ మొక్క ఘోరమైన విషము. దానిని చేత పట్టరాదు. కొలిచి తీసిన స్వల్పమైన మోతాదు మాత్రము వైద్యుని చేతిలో మందగును. 2019లో గుండెపోటు వచ్చి యెన్నో దినములు గాని 4745 మందిపై జరిగిన పరీక్షలో అది మేలుచేసినది. 2023లో అమెరికా ప్రభుత్వము గుండెజబ్బు కొఱకు దానిని అనుమతించినది. 2024లో వెలువడిన మఱియొక పెద్ద పరీక్షలో ఆ మేలు కనబడలేదు. విచారణ ఇంకను సాగుచున్నది. అట్లని కొలెస్టరాలు నిర్దోషి యని యెవరును అనుకొనరాదు. ఎల్‌డిఎల్‌ను తగ్గించు స్టాటిను మందులు నేటికిని వైద్యుని మొదటి ఆయుధములు. అవి కట్టెను తగ్గించును. కొంత సెగను గూడ తగ్గించును.

మా మామయ్య మూడు నెలలు మాత్రలు వేసికొని, "నొప్పి లేదు, గాయము కనబడదు. ఇంక ఈ మాత్ర లెందులకురా?" అని నన్నడిగెను. పొయ్యి ప్రక్కనే కూర్చుండి యుంటిమి. పూర్వము రాత్రివేళ నిప్పుకణికలమీద బూడిద కప్పి, తెల్లవారి ఊది రాజవేసెడివారు గదా; ఆయన యింటనే ఆ యాచార ముండెడిది. "మామయ్యా! బూడిద చల్లగా నున్నదని చేయి పెట్టుదువా?" అంటిని. ఆయన చాలసేపు మాటాడలేదు. నలుబది యేండ్ల చుట్ట ఒక్కనాట పోలేదు; రెండుసార్లు విడిచి మఱల పట్టి, మూడవసారి విడిచెను. మాత్రలు మానలేదు. నేడు ఆయనకు 70 యేండ్లు దాటినవి. గట్లమీద నడచుచున్నారు, కాని నాలుగడుగులకు నిలువవలెను. వాము కషాయముతో పోయిన మూడు గంటలు ఏ మందును తిరిగి యీయలేదు.

బాలబాలికలారా! ఇది ముసలివారి ముచ్చట యని మీరు పుట మూయవలదు. 1953లో అమెరికా వైద్యులు కొరియా యుద్ధమున మరణించిన 300 మంది సైనికుల గుండెలను పరీక్షించిరి. వారి సగటు వయసు 22 యేండ్లు. నూటికి 77 మందిలో ఈ వ్యాధి ఆరంభపు గుర్తులుండెను. నిప్పు ముసలితనమున పైకి వచ్చును గాని, మొదటి రవ్వ చిన్ననాటనే పడును. పొగాకు ముట్టకుండుట, ప్రతిదినము ఆటలాడి చెమటోడ్చుట, పొట్టమీద కొవ్వు చేరనీయకుండుట, కూరలు పండ్లు సమృద్ధిగా తినుట, రాత్రివేళ పండ్లు తోముకొనుట మీ చేతిలోని పనులు. చిగుళ్ళ వ్యాధి గలవారిలో గుండెజబ్బు ఎక్కువగా కనబడుచున్నది. అదియే కారణమని ఇంకను నిర్ధారణ కాలేదు. అయినను శుభ్రమైన నోటివలన నష్టపడినవాడు లేడు. ఇంటిలో పెద్దవారికి రొమ్ముమీద బరువు, చెమట, చేయి లాగుట కనబడినచో కషాయము కాచుచు కూర్చుండక, వెంటనే 108కి ఫోను చేయింపుడు. ఆ గడియలు గుండెకండ ప్రాణములు.

ముల్లు గ్రుచ్చుకొన్నపుడు కాలు ఎఱ్ఱబడి మనకు చెప్పును. ధమని అట్లు చెప్పదు. తనంత తాను చెప్పని దానిని ముందుగా తెలిసికొనుటకే గదా మనము చదువుకొనుట!